కుడి దిక్కు నిలవడు

ఆ యేడు ఆషాఢం వచ్చేటాలకు మా ఇంట్ల మాటలు బందైనయి. లొల్లి అయ్యి కాదు. లొల్లైనా జర నిమ్మళముండు. మా ఆయన ప్రహ్లాద్‌కు నేనేదన్న చెప్తె నా మొఖం దిక్కు చూసి "ఆఁ" అంటుండె, గంతే. అర్థమయ్యి అన్నడా, కాక అన్నడా తెల్వకపోతుండె. సంతోష్‌నగర్‌ల మా చిన్న ఇంట్ల ఉండేది మేమిద్దరమే. ఇద్దరిట్ల ఒకరు నోరు మూసుకుంటె ఇంకొకరు ఎంతసేపని గోడలతోని మాట్లాడ్తరు?

ఆయన పెండ్లిండ్లల్ల గిటార్ కొడ్తడు. అంజన్ ఆర్కెస్ట్రా అంటె మా దిక్కు మస్తు మందికి ఎరుకే, దాంట్ల. ఎండకాలం ఆఖర్ల ఒక బరాత్‌ల పెండ్లిపిల్లగాని దోస్తు ఎవడో పటాక అంటువెట్టి పక్కకు విసిరిండు. అది మా ఆయన ఎడమ చెవి పక్కనే పేలింది. నెత్తురు రాలే, ఏం రాలే. "చెవిల ఈలేస్తుంది" అని నవ్వుకుంటనే ఇంటికొచ్చిండు. తెల్లారి గూడ ఈల ఆగలే. చెవుల డాక్టరమ్మ దగ్గరికి తోల్కపోయిన. ఆమె మంచి మనిషి. ఓపికగ చూసింది, గోలీలు ఇచ్చింది, అద్దాల గదిల కూసోవెట్టి పరీక్ష చేసింది. కొన్ని రోజులైనంక మళ్ల పరీక్ష చేసి, "కొంత తిరిగొచ్చింది. రానిది ఇంక రాదనుకోండి. కుడి చెవి కూడా స్పీకర్ల ముందు నిలబడి నిలబడి కొంచెం అరిగింది, దాన్ని కాపాడుకోండి" అని చెప్పింది.

ఆయన తలకాయ ఊపిండు. ఇంటికొచ్చి గిటార్ తీసి, చిన్న స్పీకర్ డబ్బాకు తగిలిచ్చి, జర సేపు వాయించిండు. నాకైతె ఎప్పటి లెక్కనే వినవడ్డది. ఆయన ఆపి, తీగెల మీద అరచెయ్యి వెట్టి అట్లనే కూసున్నడు.

"ఏమైంది?" అన్న.

"గొంగడి కప్పి కొట్టినట్టుంది. ఒక సప్పుడు ఇంకోదాంట్ల కల్సిపోతుంది."

"జర సౌండ్ పెంచరాదు?"

"పెంచితె చెవి సలుపుతది. తేటగైతె కాదు."

ఆ తర్వాత గిటార్ సంచిల వెట్టి సజ్జ మీదికి ఎక్కిచ్చిండు. అంజన్‌కు ఫోన్ చేసి నడుము నొప్పి అని చెప్పిండు. ఆషాఢంల ఎట్లాగు పెండ్లిండ్లు ఉండయి కాబట్టి ఎవ్వలకు అనుమానం రాలే. మా కృష్ణయ్య మామకు జల్‌పల్లిల తెలిసిన గోదాం ఉంటె, అక్కడ గేటు కాడ వచ్చే సామాన్, పోయే సామాన్ చూసుకునే పనిల వెట్టిచ్చిండు. మా ఆయన పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకోని పోతుండె, పొద్దుగూకంగ వస్తుండె. కష్టమనలే, సుఖమనలే. అన్నం మంచిగ తిన్నడు. నాకు అదే బుగులైంది. ఏడ్చే మనిషినైతె ఊకోవెట్టొచ్చు. గిట్ల నిమ్మళంగ అన్నం తినే మనిషిని ఏం చెయ్యాలె?

హుస్సేనీ ఆలంల ఉమ్మే హానీ ఆపా ఉంటది, నాకు అక్క లెక్క. నేను ఐటీఐ చదివినంక ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఒక కార్ఖానల చేసిన. అప్పుడు ఆపా నా పక్క కుర్సీ. కార్ఖాన మూతవడ్డంక ఆమె ఇంట్లనే చుట్టే మిషన్ వెట్టుకుంది. స్పీకర్ల కాయిల్స్, స్టెబిలైజర్ల కాయిల్స్, ఏది తెస్తె అది చుట్టిస్తది. పుట్టిల్లు నారాయణపేట దిక్కు, తెలుగు నాకంటె ఎక్కువ మాట్లాడ్తది. మనసు బాగలేకుంటె నేను గుడికి పోను, ఆపా ఇంటికి పోత.

ఆ రోజు వాన ముసురు వట్టింది. ఆపా అత్తమ్మ వజీరున్నీసా తలుపు కాడ పీట మీద కూసోని ఎల్లిపాయలు ఒలుస్తుంది. మేమందరం అమ్మీ అంటం ఆమెను. చానేండ్ల సంది ఆమెకు చెవులు సరిగ్గ వినవడయి. కొడుకు మంచి చెవి మిషన్ తెచ్చిచ్చిండు గని, ఆమె దాన్ని పండుగలకు, పెండ్లిండ్లకు మాత్రమే వెట్టుకుంటది, నగ లెక్క.

నేను ఎప్పటి తీరుగనే గట్టిగ ఒర్రిన, "అమ్మీ! మంచిగున్నవా!"

అమ్మీ చెయ్యి అడ్డం వెట్టింది. "జోర్ సే నక్కో బేటా. ఇన్నేండ్ల సంది వస్తున్నవు, ఒర్లుడు ఇడువవు. ఒర్లితె లొల్లి పెరుగుతది గని మాట తెలుస్తదా? ముందలికొచ్చి కూసో, సాఫ్‌గ చెప్పు. అన్నీ తెలుస్తయి నాకు."

నేను ఆమె ముందలికి పోయి కూసోని మామూలు గొంతుతోని, "మంచిగున్నవా అమ్మీ?" అని అడిగిన.

"మంచిగున్న. నువ్వే మంచిగ లేవు," అన్నది.

ఇగ నా వల్ల కాలే. మొత్తం చెప్పిన. పటాక నుంచి గోదాం దాక. అమ్మీ ఎల్లిపాయలు ఒలుసుకుంటనే నా నోటి దిక్కు చూసుకుంట విన్నది. ఆపా మిషన్ ఆపి చాయ్ వెట్టింది. నేను ముక్కు తుడుసుకున్న. అప్పుడు అడిగింది, "ఆయనకు దొడ్డు మోత వినవడ్తలేదా, సన్న మోత వినవడ్తలేదా?"

"దొడ్డుది వినవడ్తది గని ముద్ద ముద్ద ఉంటదట."

"మరి సన్న మోత ఇచ్చే గిటార్ ఉండదా?"

ఉంటది. పార్టీల ఇంకో పిల్లగాని దాంట్ల సన్న మోతే ఉంటది. దెబ్బ తాకిన కొత్తల మా ఆయన దాన్ని గూడ వట్టి చూసిండు. తేటగ వినవడ్డదట, గని దాంట్ల కరెంటు గుయ్యిమంటది. ఆ గుయ్యిమనుడు, చెవిల ఈల, రెండు కల్సి తలకాయ పట్టినట్టయిందని ఇచ్చేసిండు. ఆ ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంటనే నాకు తట్టింది. అమ్మీ ఒర్లొద్దు, సాఫ్‌గ చెప్పు అన్నది గద. ఈయనకు కావాల్సింది గూడ గదే. పెద్ద సప్పుడు కాదు, తేట సప్పుడు. గని మరీ సన్నగ అయ్యి గుయ్యిమనొద్దు.

గిటార్ తీగెల కింద చిన్న డబ్బా లెక్క ఒకటి ఉంటది. పికప్ అంటరు. తీగెలు కదిలితె ఆ సప్పుడును పట్టి స్పీకర్‌కు పంపేది అదే. మా ఆయన గిటార్ల ఉన్న పికప్‌ల రెండు కాయిల్స్ పక్క పక్కకు ఉంటయి. ఫ్యాన్ల చుట్టిన తీగ లెక్కనే, గని వెంట్రుక కంటె సన్నం. రెండు కల్సి పని చేస్తె కరెంటు గుయ్యిమనుడును ఒకదానిది ఒకటి కొట్టేస్తయి, మోత నిండుగ, దొడ్డుగ వస్తది. ఒకదాన్ని బంద్ వెడితె మోత సన్నగ, తేటగైతది, గని గుయ్యిమనుడు మొదలైతది. కొంతమంది దానికి స్విచ్ వెట్టిస్తరు, అయితె రెండు, లేకుంటె ఒకటి. ఫోన్ల వెతికితె ఇంకో బొమ్మ దొరికింది నాకు. స్విచ్ జాగల నాబ్. రెండు కాయిల్స్ కలిసే కాడికెల్లి ఒక తీగ తీసి, ఆ నాబ్‌ల నుంచి తోల్తె, రెండో కాయిల్‌ను కొంచెం కొంచెం తగ్గిచ్చుకోవచ్చు. సగం కాయిల్, పావు కాయిల్, ఎంత కావాలంటె అంత.

ఆపాకు బొమ్మ చూపెట్టిన. కండ్లద్దాలు వెట్టుకోని చానసేపు చూసింది. ఆమె జిందగీల గిటార్ ముట్టలే. "కాయిల్ అంటె కాయిలే," అన్నది. "తీస్కరా."

ఆ పొద్దుగూకంగ మా ఆయనకు ఎదురుంగ కూసోని, ఒర్లకుంట, మెల్లగ చెప్పిన. ఆయన విన్నడు. సజ్జ దిక్కు చూసిండు.

"తీస్కపో. నాకేం పని దాంతోని?" అన్నడు.

కోపంగన్న అంటె బాగుండు.

తెల్లారి ఆపా ఇంట్ల పికప్ తీసుడు అల్కగనే అయింది. దాని మూత కింద మైనం, మైనం కింద నల్ల టేపు. పాత పికప్ కాబట్టి బయటికి ఒక్కటే వైరు ఉంది. రెండు కాయిల్స్ కలిసే అతుకు లోపల టేపు కింద దాసిపెట్టుంది. దాన్ని బయటికి తియ్యాలె. ఆపా టేపు విప్పింది, నేను సోల్డరింగ్ ఐరన్ వట్టిన. కార్ఖానల చేసి చానేండ్లాయె, గవి గూడ గింత సన్న తీగెలు కావు. వేడి మొన జర ఎక్కువ ఆనింది. తీగ కొస టప్పుమని తెగి, కాయిల్ల ఎక్కడికి పోయిందో కండ్లకు ఆనలే.

మీటర్ వెట్టి చూసినం. రెండో కాయిల్ చచ్చింది. మీటర్ల ఏం చూపెట్టలే.

"యా అల్లా," అన్నది ఆపా మెల్లగ.

నేను ఐరన్ కింద వెట్టి చేతులు ఒళ్లె వెట్టుకున్న. ఆ పికప్ అంటె మా ఆయనకు చెవి లెక్క. నేనే కాల్చేసిన. ఆపా నా భుజం మీద చెయ్యేసింది. "తెగింది బయటి కొసే అనిపిస్తుంది. లోపలి కొస అయితె మొత్తం విప్పాలె. బయటిదైతె దొరుకుతది. గని ఇయ్యాల కాదు. ఇయ్యాల నీ చెయ్యి మంచిగ లేదు, నా కన్ను మంచిగ లేదు. ఇంటికి పో. ఆయనకు చెప్పు."

"ఏమని చెప్పాలె?"

"తెగిందని చెప్పు."

ఇంటికొచ్చే తొవ్వంత ఏదన్న అబద్ధం దొరుకుతదేమోనని చూసుకుంట వచ్చిన. దొరకలే. ఆయన గోదాం నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని కూసున్నంక, మంచినీళ్లిచ్చి ముంగట నిలవడ్డ.

"ఒక కాయిల్ తెగింది. నా చేతులనే తెగింది. ఇప్పుడు దాంట్ల ఒక్కటే పని చేస్తుంది."

ఆయన గిలాస కింద వెట్టిండు. నా మొఖం చూసిండు. మళ్ల గిలాస చూసిండు. తర్వాత భుజాలు ఊగినయి. నాకు ముందుగాల అర్థం కాలే. ఏడుస్తుండేమో అనుకున్న. నవ్వుతుండు!

"అయితె అదీ నేను ఒక్క తీరుగనే అయినమన్నట్టు," అన్నడు. "రెండిట్ల ఒకటి పోయింది."

పటాక పేలిన సంది ఆయన తన చెవి గురించి తనంతట తాను నోరు తెరిచింది అదే మొదలు. నేను పక్కకు కూసున్న, నాకు గూడ నవ్వొచ్చింది, నవ్వుల ఏడుపొచ్చింది. ఆయన తువ్వాల ఇచ్చిండు.

"శుక్రవారం గోదాం బంద్," అన్నడు. "నేను గూడ వస్త."

శుక్రవారం మేం పోయేటాలకు ఆపా ఇంట్ల కిచిడీ, దాంట్లకు చింతపండు కట్టా ఉడుకుతున్నయి. మా ఆయన కొత్త ఇంట్ల జర ముడుసుకుంటడు, చెవి దెబ్బ తిన్నంక ఇంకింత. మూలకు కూసుందామని చూసిండు. అమ్మీ ఊకోలే. పీట జరిపి, "ఇట్ల రా బేటా. ఏ చెవి మంచిది?" అని అడిగింది.

నేను గతుక్కుమన్న. ఇంట్ల మేం గూడ ఆ మాట గంత సక్కగ అనుకోలే ఎప్పుడు.

"కుడిది," అన్నడు ఆయన.

"అయితె గిక్కడ కూసో. నీ కుడి దిక్కు నేనుంట. నాకు రెండు చెవులూ పోయినయి, నేనెక్కడ కూసున్న ఒక్కటే."

ఆపా, నేను కిటికీ కాడ పని మొదలువెట్టినం. పెద్ద అద్దం కింద కాయిల్ వెట్టి, ఆపా సూదితోని మైనం గీకింది, ఊపిరి గూడ తీస్తలేదు. వెనకకెల్లి వాళ్లిద్దరి ముచ్చట వినవడ్తుంది. అమ్మీది ఆపా లెక్క నారాయణపేట తెలుగు కాదు, అచ్చం పాతబస్తి ఉర్దూ తెలుగు కలిపిన మాట. ఆయనది మా తెలుగు. ఎవ్వలు ఒర్లుతలేరు. ఒక్కొక్క మాట నిమ్మళంగ వస్తుంది. మధ్యల మధ్యల ఆయన "మళ్లొకపారి చెప్పు అమ్మీ, అందలే" అంటుండు. ఆ ముక్క నేను మా ఇంట్ల ఎన్నడు వినలే. మా ఇంట్ల ఆయన "ఆఁ" అంటుండె.

"పని కాడ తెలుసా నీ సంగతి?" అమ్మీ అడిగింది.

"తెల్వది."

"వాయించేటోళ్లకు?"

"నడుము నొప్పని చెప్పిన."

అమ్మీ నోటికి కొంగు అడ్డం వెట్టుకోని నవ్వింది. "నేను గూడ గట్లనే చేసిన బేటా. వినవడకున్నా హౌ, హౌ అని అన్నిటికి అవునంటుంటి. ఒకపారి మా చుట్టాలల్ల ఒకామె వాళ్ల ఇంటాయనకు బాగలేదని చెప్తుంటె, నేను నవ్వుకుంట ముబారక్ అన్న. ఆమె నాతోని మాట్లాడుడే బంద్ వెట్టింది. ఆ తర్వాత అందరికి చెప్పుడు మొదలువెట్టిన. కూరగాయలోనికి గూడ చెప్త, నాకు వినవడదు, నా ముందలికొచ్చి మాట్లాడు అని. కోపం వచ్చినోళ్లు ఎవ్వలు లేరు. ముందలికి వస్తరు, గంతే."

నేను తిరిగి చూడలే.

అప్పుడే ఆపా "మిల్ గయా!" అని కేకవెట్టింది. దొరికింది కొస. బయటి కొసే. ఒక్క చుట్టు విప్పి, దానికి టంకం అంటిచ్చి, మెత్తని కొత్త వైరు అతికిచ్చింది. నేను మీటర్ వెట్టిన. రెండో కాయిల్ పలికింది. ఆపా అల్హందులిల్లా అన్నది, నేను మా యాదగిరి నర్సన్నకు మొక్కిన, ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నం. నాకు ఈ జిందగీల గసుంటి దోస్తు దొరికినందుకు ఆ దేవునికి ఎన్ని దండాలు వెట్టినా తక్కువే అనుకున్న అప్పుడు. ఇప్పుడు గూడ అనుకుంట.

కలిసే కాడి వైరును కొత్త నాబ్‌కు తోలి, గిటార్‌ల బిగిచ్చి, తీగెలు ఎక్కిచ్చి, ఆయనకు ఇచ్చినం. ఆయన ఆపా కాడున్న పాత స్పీకర్‌కు తగిలిచ్చి, తీగె మీటి, నాబ్ తిప్పిండు. తిప్పిండు, తిప్పిండు. ఏం మారలే. ఆఖరుకొచ్చేటాలకు ఒక్కసారే సన్నగైంది, గుయ్యిమన్నది. ఆయన మొఖం ముడుసుకున్నడు.

"ఇది నాబ్ కాదు, స్విచ్చే," అన్నడు. "నడుమ ఏం లేదు."

గింత చేసి గిట్లనా? ఆపా అయితె తొణకలే. "నడుమ ఉంది. ఈ నాబ్ దాన్ని ఆఖరు కొసల దాసిపెట్టింది," అన్నది. ఆమె ఇంట్ల ఒక గోనెసంచి నిండ పాత రేడియోల సామాన్ ఉంటది. అందులకెల్లి ఒక వాల్యూమ్ కంట్రోల్ పీకి తీసింది. రేడియోల సౌండ్ నాబ్ వేరు తీరుగ చేస్తరు, మొదట్ల మెల్లగ, మెల్లగ పెరిగేటట్టు, లేకుంటె జర తిప్పంగనే చెవులు పగులుతయి. అదే గుణం మాకు గావాలె. మామూలు నాబ్‌ల కొసకు ఇరుకైన జాగ, రేడియో నాబ్‌ల విశాలమైతది. ఇద్దరం మాట్లాడుకోని, ఏ కాలికి ఏ వైరు అని తిప్పి మళ్లించి, దాన్ని అతికిచ్చినం. ఈపారి ఐరన్ నేనే వట్టిన. మొన ఎక్కువ ఆననియ్యలే.

ఆయన మళ్ల తీగె మీటిండు. నాబ్ మెల్లగ తిప్పిండు. నిండు మోత కొంచెం కొంచెం పలుచనైంది, తెల్లారంగ చీకటి పోయినట్టు. ఇంకా తిప్పిండు, గుయ్యిమనుడు మొదలైతుంటె వెనకకు వచ్చిండు. జర ముందలికి. జర వెనకకు. ఒక్క కాడ ఆగిండు. అక్కడ వేళ్లు తీసి, మొత్తం తీగెలు మీటిండు. మళ్ల ఒక్కొక్కటి మీటిండు. కిందికెల్లి మీదికి, మీదికెల్లి కిందికి.

"వేరు వేరుగ వస్తున్నయి," అన్నడు.

గంతే అన్నడు. అన్నం తినేదాక గిటార్ ఇడువలే. కిచిడీ సల్లారిపోయిందని అమ్మీ ఆయన చేతుల నుంచి గిటార్ గుంజుకున్నది. వాన నిలిచేదాక అక్కడనే ఉన్నం.

గిటార్ మంచిగైంది గని, ఆయన అంజన్‌కు ఫోన్ చెయ్యలే. ఇంట్ల పొద్దుగాల వాయించుకుంటుండు, గోదాంకు పోతుండు. నేను అడగలే. అడిగితె మళ్ల "ఆఁ" అంటడేమోనని బుగులు.

బోనాల ఆదివారం అంజనే వచ్చిండు. మా గల్లీల డప్పులు మోగుతున్నయి, పోతరాజుల ఎన్క పిల్లలు ఉరుకుతున్నరు. అంజన్ గుమ్మంల నిలవడి, మా ఆయన ఎడమ పక్కకెల్లి వంగి ఏందో చెప్పిండు. మా ఆయన "ఆఁ" అన్నడు.

"ఏంది ఆఁ?" అంజన్ నవ్విండు. "శ్రావణంల ఎప్పటి సంది వాయిస్తవు అని అడిగిన. జల్‌పల్లిల పెండ్లి, వాళ్లు నీ గిటారే గావాలంటున్నరు. నడుము తక్కువైందా లేదా?"

డప్పులు మా ఇంటి ముంగటికే వచ్చినయి. నేను చేతిల చాయ్ గిలాసలు పట్టుకోని అట్లనే నిలవడ్డ. మా ఆయన ఒకపారి గల్లీ దిక్కు చూసిండు, ఒకపారి అంజన్ దిక్కు చూసిండు.

"అంజన్, ఇటు రా," అన్నడు. "నా కుడి దిక్కు నిలవడు. ఎడమ చెవికి వినవడ్తలేదు నాకు. ఎండకాలం సంది."

అంజన్ అటు పక్క నుంచి ఇటు పక్కకు వచ్చిండు. కుడి చెవి కాడ వంగి అడిగిండు, "ఆ పటాకేనా?"

"ఆ పటాకే."

"గీ ముక్క చెప్పనీకె గిన్ని రోజులా? నడుము నొప్పంటె మా అమ్మ నీకు తైలం కాసి సీసాలు సీసాలు పంపె గదరా! రోజు రుద్దుతుండా, రుద్దుతుండా అని నా పానం తీసింది!"

ముగ్గురం నవ్వినం. ఆ తైలం సజ్జ మీదనే ఉంది, మూత గూడ తియ్యలే. అంజన్ కూసోని, డప్పులు అవతలికి పోయేదాక ఆగి, అన్నీ అడిగిండు. ఏ సప్పుడు వినవడ్తది, ఏది వినవడది, డ్రమ్స్ ఏ పక్కకు వెట్టాలె, పాట మారేటప్పుడు ఎట్ల చెప్పాలె. మా ఆయన చెప్పిండు. మధ్యల గిటార్ తెచ్చి నాబ్ చూపెట్టిండు. "మా భాగ్య, వాళ్ల ఆపా కల్సి చేసిన్రు" అన్నడు. నన్ను పేరు వెట్టి మందిల చెప్పుడు ఆయనకు అలవాటు లేదు. నేను చాయ్ మళ్ల వేడి చేస్త అని లోపలికి పోయిన.

శ్రావణంల జల్‌పల్లి ఫంక్షన్ హాల్‌ల పొద్దటి లగ్నం. మధ్యాహ్నం భోజనాల కాడ అంజన్ పార్టీ. అంజన్ ఆపాను, అమ్మీని గూడ పిలిచిండు. అమ్మీ చెవి మిషన్ వెట్టుకోని, కొత్త దుపట్టా కప్పుకోని వచ్చింది. డ్రమ్స్ మొదలుగాంగనే మిషన్ తీసి పర్సుల ఏసుకుంది. "లొల్లి," అని నాకు సైగ చేసి, బిర్యానీ మీద వడ్డది.

నేను తినలే. స్టేజీకి దగ్గరగ నిలవడ్డ. డ్రమ్స్ ఎడమ దిక్కు జరిపిన్రు. మా ఆయన స్పీకర్ డబ్బా కుడి దిక్కు ఉంది. మొదటి పాటల జర తప్పింది ఒక కాడ, నాకు తెలిసింది, ఆయనకు తెలిసింది, ఇంకెవ్వలకు తెల్వది. హాల్‌ల లైట్లు ఎక్కువున్నయి, వాటి కరెంటుకు గుయ్యిమనుడు మొదలైంది. ఆయన వాయించుకుంటనే చిటికెన వేలుతోని నాబ్ జర వెనకకు తిప్పిండు. గుయ్యిమనుడు పోయింది. రెండో పాటల ఆయన నడుమ సొంతంగ ఒక ముక్క వాయించేది ఉంటది. నాబ్ ముందలికి తిప్పి, కండ్లు మూసుకోని వాయించిండు. తిండి మీదున్నోళ్లు తలకాయలు లేపి చూసిన్రు. ఆపా నా పక్కకొచ్చి నిలవడ్డది. "మన కాయిల్," అన్నది.

పాట అయిపోంగనే చప్పట్లు. అంజన్ స్టేజీకి అవతలి కొసల, కీబోర్డ్ కాడ ఉన్నడు. తర్వాత ఏ పాటనో చెప్పాలె. అక్కడికెల్లే కేకెయ్యొచ్చు, ఎప్పుడు గట్లనే చేస్తుండె. ఈపారి కీబోర్డ్ ఇడిసిపెట్టి, వైర్లు దాటుకుంట, స్టేజీ మొత్తం నడిసి, మా ఆయన కుడి దిక్కుకు వచ్చిండు. చెవి కాడ చెప్పిండు. మా ఆయన తలకాయ ఊపిండు. అంజన్ మళ్ల అంత దూరం నడిసి పోయిండు. పాట పాటకు గట్లనే వచ్చిండు, గట్లనే పోయిండు. ఒక్కపారి గూడ ఇసుక్కోలే.

నేను ఆపా చెయ్యి పట్టుకోని నిలవడ్డ. శుక్రియా అంటె సరిపోదు.

ఆ తర్వాత అంజన్ తెలిసినోళ్ల గిటార్లు ఒకటి రెండు ఆపా ఇంటికి వచ్చినయి. ఇప్పుడు వారానికి కొన్ని రోజులు నేను హుస్సేనీ ఆలంల కిటికీ కాడనే కూసుంటున్న, అప్పట్ల కార్ఖాన కుర్సీల పక్క పక్కకు కూసున్నట్టే. మా ఆయన గోదాం పని గూడ ఇడువలే, పెండ్లిండ్లు లేని రోజులల్ల పోతడు. గేటు కాడ డ్రైవర్లందరికి చెప్పిండట, కుడి దిక్కుకు వచ్చి మాట్లాడమని.

ఆ రోజు పెండ్లి కాడికెల్లి ఆపాను, అమ్మీని ఒక ఆటోల ఎక్కిచ్చి, మేం ఇంకో ఆటో ఎక్కినం. వాన మొదలైంది. ఆయన ఎప్పటి తీరుగనే ముందుగాల ఎక్కవోయి ఆగిండు, నన్ను ముందు ఎక్కిచ్చి, కుడి దిక్కు జాగ చూపెట్టి, తాను ఎడమ పక్కకు కూసున్నడు. గిటార్‌ను కాళ్ల నడుమ వెట్టుకున్నడు. ఎర్రకుంట దాటినం. ఆ తర్వాత మొదటి పాటల ఎక్కడ తప్పిందో చెప్పిండు. ఎందుకు తప్పిందో చెప్పిండు. పెండ్లిపిల్ల తమ్ముడు వచ్చి నాబ్ గురించి అడిగిండని, అమ్మీ స్టేజీ కాడికొచ్చి ఆయన జేబుల లడ్డు వెట్టి పోయిందని చెప్పిండు. గోదాంల ఒక పిల్లి ఉందట, దానికి పిల్లలైనయట, ఎన్నాళ్ల సందో చెప్దామనుకుంటుండట.

వాన ఆటో మీద దబదబ కొడ్తుంది. ఆయన సంతోష్‌నగర్ వచ్చేదాక ఆపకుంట మాట్లాడ్తనే ఉన్నడు.